కుడి అంచు

గద్వాల,
14-6-2024.

చిరంజీవి శ్రుతికి,

నీ క్షేమం తర్వాత అడుగుతాను. ముందు నా కోపం విను.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అనకు. మగ్గం గదికీ వంటింటికీ మధ్య గోడ సగమే ఉంది. ఇక్కడ నేను పలికిన ప్రతి మాటా మగ్గం గుంటలో కూర్చున్న మీ తాత చెవిన పడుతుంది. ఉత్తరమైతే ఆయన జోలికి రాడు. పైగా మీ అమ్రాబాద్ హాస్టల్లో సిగ్నల్ కోసం నువ్వు నీళ్ల ట్యాంకు ఎక్కడం నాకు ఇష్టం లేదు. లెక్కలు చెప్పే టీచరమ్మ ట్యాంకు మీద నిలబడి హలో హలో అని అరుస్తుంటే ఆడపిల్లలు ఏం నేర్చుకుంటారు?

ఇక విషయం. వెంకట్రాములు షావుకారు మనం నేసి ఇచ్చిన చీరలు వరుసగా రెండు వెనక్కి తెచ్చాడు. రెండింటిలో ఒకటే తప్పు, కుడి అంచు. పట్టు అంచూ నూలు బట్టా కలిసే చోట పోగుకు పోగు పెనవేసుకోవాలి కదా, అక్కడక్కడా పెన పడలేదు. షావుకారు ఆ సందులో వేలు దూర్చి మరీ చూపించాడు.

మన చీర ఒక్కరి వల్ల అయ్యేది కాదని నీకు తెలుసు. మీ తాత నడుమ కూర్చుని బట్టా, ఎడమ అంచూ నేస్తాడు. ఆయన కుడి పక్కన కూర్చుని నేను కుడి అంచుకు పట్టు పోగు చుట్టిన నాడె విసురుతాను. నేను ఈ ఇంటికి వచ్చిన ఏడాది నుంచీ నా చోటు అదే. పెన పడిందని చూసుకుని, పోగు బిగిసేలా మగ్గం పలకతో కొట్టవలసింది నడుమ కూర్చున్నవాడు. ఈ మధ్య ఆయన నా చెయ్యి ఇంకా పోగుల మధ్య ఉండగానే కొట్టేస్తున్నాడు. నా వేలు గోరు నల్లబడింది. ఆగమంటే, "చూసిన లేవే" అంటాడు.

అలాంటి మనిషి షావుకారు ముందు ఏమన్నాడో విను. "మా ముసల్దాని చెయ్యి వణుకుతున్నది సేటూ. ఏం జేస్తం, వయసైంది."

నేను ఎస్సెస్సీ ఫస్టు క్లాసులో పాసైనదాన్ని. చేనేత సంఘం లెక్కలు ఏళ్ల తరబడి రాసినదాన్ని. ఏ ఆడిటరూ నా పుస్తకంలో ఎర్ర సిరా పెట్టలేదు. నా చెయ్యి వణుకుతుందట. ఈ అక్షరాలు చూసి చెప్పు, వణుకు ఎక్కడుందో.

ఆయనకు పొగరు కూడా పెరిగింది. పక్కింటి ఈదమ్మ వాకిట్లో నిలబడి పలకరిస్తే చూడనట్టే పోతాడు. పక్కన పెట్టిన చాయ్ గ్లాసు మోచేత్తో పడగొట్టి, అడ్డం పెట్టావని నన్నే తిడతాడు. తప్పు ఎవరిదో నువ్వు తేల్చి రాయి.

మీ నాయనమ్మ,
బాలనాగమ్మ.


అమ్రాబాద్,
21-6-2024.

నాయనమ్మకు శ్రుతి నమస్కారాలు.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుకుని గట్టిగా నవ్వాను. తిట్టకు. బడి తెరిచారు, పిల్లలు ఇంకా అందరూ రాలేదు. వచ్చినవాళ్ల పెట్టెల్లోంచి కోతులు రొట్టెలు ఎత్తుకుపోయాయి. ఇక్కడి వార్తలు ఇవే.

నీ అక్షరాలు ముత్యాల్లాగే ఉన్నాయి. కానీ నాయనమ్మా, తాత ఊరికే ఒక మాట అనడు. వయసు మీద పడింది కదా. చెయ్యి కాకపోతే చూపు తగ్గి ఉండొచ్చు. సన్న పోగు, అందులో పట్టు పోగు. మొన్న మా హాస్టల్‌కు కంటి డాక్టర్లు వచ్చి పిల్లలను చూశారు. అరవై దాటినవాళ్లు ఏటా ఒకసారి చూపించుకోవాలని చెప్పారు. నాన్నతో మాట్లాడాను. కొత్తకోటలో షాపు ఒక పూట మూసి, కారు తెచ్చి నిన్ను వనపర్తి కంటి దవాఖానకు తీసుకుపోతాడు. ఈ సాకుతో నాలుగు రోజులు మగ్గం పక్కన కూర్చోవడం మానెయ్. ఈదమ్మ అత్తను కూర్చోబెట్టుకుంటాడు తాత.

కోపం రాలేదు కదా?

ప్రేమతో,
శ్రుతి.


గద్వాల,
8-7-2024.

శ్రుతికి,

కోపం వచ్చింది. "వయసు మీద పడింది కదా" అని రాసేటప్పుడు నీ కలం ఒక్క క్షణమైనా ఆగలేదా? నా చోటు ఈదమ్మకు ఇవ్వడానికి నువ్వెవరు?

నా కళ్లలో ఏ లోపమూ లేదని డాక్టరు చేత రాయించుకుందామనే వనపర్తి వెళ్లాను. మీ తాత వట్టి తోడు. గోడ మీది అక్షరాలు అడుగు వరుస దాకా చదివాను. నా కళ్లద్దాలే చాలన్నారు. చేతులు కూడా చాపి, వణుకు ఉందేమో చూడమన్నాను. అక్కడి నర్సు, "గిది కంటి దవాఖాన అవ్వా" అని నవ్వింది. నేను నవ్వలేదు.

తర్వాత ఆమె మీ తాతను చూసి, "ఊకెనే కూసున్నవు గద తాతా, నువ్వు గూడ రా" అంది. వెళ్లినవాడు ఎంతకీ బయటికి రాలేదు. ఒక తెల్లటి గిన్నెలాంటి మిషన్లో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారట. మిషన్ దగ్గరి అబ్బాయి నొక్కు తాతా నొక్కు అంటుంటే, "బల్బు ఎయ్యకుంట నొక్కుమంటవేంది తమ్మీ? నాతోని పరాచికాలా?" అని ఈయన గద్దించడం బయటికి వినిపించింది. బెంచీల మీదివాళ్లందరూ నవ్వారు. అప్పుడు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

అబ్బాయి బల్బు వేస్తూనే ఉన్నాడు. ఈయనకే కనబడలేదు.

కాగితం మీద తెల్లగా ఉండవలసిన చోటు నల్లగా అచ్చు పడింది. కుడి కంటిలో నడుమ చిన్న కిటికీ అంతే మిగిలింది. ఎడమ కంటిలో అంచుల నుంచి మొదలైంది. రెండు కళ్లలో శుక్లం ఉంది. దానికి తోడు నీటికాసులు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి లోపలి నరాన్ని నలిపేస్తుందట. నొప్పి ఉండదట. పక్క చూపు ముందు పోతుంది కాబట్టి, నేరుగా చూసి పని చేసుకునేవాడికి చాలా కాలం తెలియదట. ఆయనకు నా చెయ్యి కనబడక కొట్టాడు. ఈదమ్మ కనబడక పలకలేదు.

వెంటనే చుక్కల మందు రాసి, డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. కుడి కంటికి శుక్లం, నీటికాసులు రెండూ కలిపి ఒకే ఆపరేషన్‌లో చేస్తుందట. నాకు నచ్చలేదు. వేరు వేరు పద్దులు వేరు వేరు వరుసల్లో రాయాలి. కలిపి రాసేవాడి మీద నాకు ఎప్పుడూ అనుమానమే. ఇదేమైనా దుకాణమా, ఒకటి కొంటే ఇంకొకటి ఇవ్వడానికి? అడిగాను కూడా. ప్రశ్న వేసింది నేను, ఆమె జవాబు చెప్పింది మీ నాన్న మొహం చూసి. ఆ పైన మీ నాన్న, "నువ్వు జర బయట కూసో అమ్మా, నేను మాట్లాడి వస్త" అని నన్ను పంపించాడు.

నా చెయ్యి వణకలేదు. ఈ ఉత్తరం దాచిపెట్టుకో. దారిలో పెబ్బేరు దగ్గర చాయ్ తాగుదామంటే మీ తాత తల అడ్డంగా ఊపాడు.

బాలనాగమ్మ.


అమ్రాబాద్,
13-7-2024.

నాయనమ్మా,

తప్పు నాదే. నీ చేతినీ, నీ కంటినీ అనుమానించాను. ఇంకెప్పుడూ నీ చోటు ఎవరికీ ఇవ్వను.

దవాఖానకు ఫోన్ చేసి డాక్టరమ్మతోనే మాట్లాడాను. అవును, ట్యాంకు ఎక్కే. శుక్లం ఒక్కటే తీస్తే ఆ తర్వాత కొన్నాళ్లు కంట్లో ఒత్తిడి పెరగవచ్చట. ఇప్పటికే నలిగిన నరం దాన్ని తట్టుకోలేదు. ఒత్తిడికి ఒక్కటే చేసి వదిలేస్తే శుక్లం ముదురుతుంది. మళ్లీ కన్ను కోయాలి. అలా కోస్తే ముందు చేసిన దారి పూడిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఒకే మత్తులో, ఒకే రోజు, శుక్లం తీసి లెన్సు పెడతారు, పై రెప్ప కింద నీరు బయటికి పోవడానికి సన్న దారి చేస్తారు. రెండూ ఉన్న ప్రతివాళ్లకూ ఇలా చేయరట. కొందరికి చుక్కలతోనే సరిపోతుంది. తాతకు చుక్కలు చాలవు. ఇది దుకాణం బేరం కాదు నాయనమ్మా.

చూపు వట్టి శుక్లం తీసినవాళ్ల కంటే నెమ్మదిగా తేరుకుంటుంది. చుక్కలు తప్పకూడదు, పిలిచినప్పుడల్లా చూపించుకోవాలి. కొన్ని వారాలు మగ్గం గుంటలోకి దిగకూడదు. మిగతా సంగతులన్నీ నాన్నకు వివరంగా చెప్పారట. నాన్న నీకు చెప్పే ఉంటాడు.

తాతను ఒప్పించు. నువ్వు చెబితే వింటాడు, పైకి విననట్టు ఉన్నా.

శ్రుతి.


గద్వాల,
20-9-2024.

శ్రుతికి,

ఇన్నాళ్లూ ఉత్తరం రాయకపోవడానికి కారణం, రాయడానికి మంచే ఉండటం. జులై చివర్లో కుడి కన్ను ఆపరేషన్ అయింది. మీ తాత పట్టీ విప్పిన మర్నాడు నన్ను చూసి, "గింత తెల్లబడ్డదా నీ జుట్టు?" అన్నాడు. తిట్టాను కానీ లోపల సంతోషపడ్డాను. చుక్కలు నేనే వేశాను, ఒక్క పూట తప్పలేదు. తల స్నానం చేయనివ్వలేదు, బిందె ఎత్తనివ్వలేదు. మగ్గం గదికి తాళం వేసి తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. రంగులు మెరుస్తున్నాయన్నాడు. జరీ మంటలాగా ఉందన్నాడు.

డాక్టరమ్మ సరేనన్న తర్వాత మగ్గంలోకి దిగాడు. మూడో రోజు నా చెయ్యి పోగుల మధ్య ఉండగా కొట్టాడు. అదే వేలు.

విప్పి చూస్తే కుడి అంచులో పెన లేదు.

నేను ఆ బట్ట కోసి మడిచి సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వనపర్తి వెళ్లాను. డాక్టరమ్మ బల్ల మీద పరిచి, "మీరు బాగు చేసిన కన్ను ఇలా నేసింది. ఏం చేశారు మీరు?" అని నిలదీశాను. అరిచానని కూడా అనుకో. ఆమె అరవలేదు. ఫైలు తెప్పించి ఒక కాగితం చూపించింది. నీటికాసుల వల్ల ఇప్పటికే పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగి రాదనీ, ఉన్నది నిలబెట్టడానికే ఇది చేస్తున్నామనీ అందులో ఉంది. తెలుగులోనే ఉంది. కింద మీ నాన్న సంతకం. "మీ కొడుకుకు అన్నీ చెప్పినం గదమ్మా" అంది.

అక్షరం రాని ఇంటికి ఏదో చెప్పి పంపినట్టు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, నా కొడుకుతో సంతకం చేయించారు. కామా చదవకుండా సంతకం పెట్టని మనిషిని నేను. మీ నాన్నకు ఫోన్ చేసి అడిగితే, "నువ్వు పరేషాన్ అయితవని" అన్నాడు. నేనెప్పుడు పరేషాన్ అయ్యాను? నాకు కోపం మాత్రమే వస్తుంది.

ఒక్క మాట అడుగుతున్నాను. ఇది నీకూ తెలుసా? అవునో కాదో రాయి. సందు మాటలు వద్దు.

బాలనాగమ్మ.


అమ్రాబాద్,
26-9-2024.

నాయనమ్మా,

అవును. తెలుసు.

నాన్న నీకు చెప్పాడనుకున్నాను. నేను ఉత్తరంలో రాస్తానని నాన్న అనుకున్నాడట. ఎందుకు ఒకరి మీద ఒకరం వదిలేశామో తెలుసా? నీకు చెప్పడం ఎవరి తరం? కబురు తెచ్చినవాడి మీద ముందు పడతావు, కబురు తర్వాత వింటావు. నాన్న యాభై దాటిన మనిషి. నీ ముందు ఇప్పటికీ మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడిలా నిలబడతాడు. మాకూ కోపం వస్తుంది నాయనమ్మా. మేము రాయము, అంతే తేడా.

ఇప్పుడు సూటిగా రాస్తున్నాను, సందు మాటలు లేకుండా. కుడి కంటి పక్క చూపు పోయింది. రాదు. ఆపరేషన్ చెడలేదు. ఆ కంట్లో ఒత్తిడి తగ్గింది, నడుమ మిగిలింది నిలుస్తుంది. ఎడమ కంటిలో ఇంకా చాలా చూపు ఉంది. కానీ చుక్కలు వేసినా అందులో ఒత్తిడి దిగడం లేదు, శుక్లం ముదురుతోంది. దానికీ ఇదే ఆపరేషన్ త్వరగా చేయాలన్నారు. తాత వద్దంటున్నాడని నాన్న చెప్పాడు. ఆ కన్ను పోతే ఇక ఏ అంచూ ఉండదు.

శ్రుతి.


గద్వాల,
9-10-2024.

శ్రుతికి,

నీ ఉత్తరం అందింది. దానికి జవాబు తర్వాత రాస్తాను. అంతకన్నా పెద్ద పని పెట్టుకున్నాను.

మీ తాతను ఎడమ కంటి సంగతి అడిగాను. "కుడిది కోసిండ్రు, ఏమొచ్చింది? మళ్ల గదే తప్పు. ఉన్న ఒక్క కన్ను గూడ కోయించుకొని గోడలు పట్టుకొని తిరగాల్నా?" అన్నాడు. నచ్చజెప్పాను. అరిచాను. వినలేదు. సరే అని మగ్గం పక్క నుంచి లేచాను. "నువ్వు వనపర్తి పోయినంకనే నేను నాడె పడ్త" అన్నాను.

నేను లేకపోతే కుడి అంచు లేదు. కుడి అంచు లేకపోతే చీర లేదు. ఏం చేస్తాడో చూద్దామని వంటింట్లో కూర్చున్నాను.

ఈదమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె కూర్చుని నాలుగు సార్లు నాడె విసిరి, వేలు నలిగి, "నీతోని ఎట్ల ఏగిందో గామె, నాతోని గాదన్నా" అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. బతుకమ్మ పండుగ ముందు చీర చేతికి రాలేదని వెంకట్రాములు వాకిట్లో నిలబడి గొంతు చించుకున్నాడు. "మొగుడు పెండ్లాల పంచాయితీల నా పడుగు ఎండుతున్నది" అన్నాడు. నేను తలుపు వేశాను. పడుగు మగ్గం మీద అలాగే బిగిసి ఉంది. ఇంట్లో ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. చుక్కలు మాత్రం వేస్తున్నాను. కోపానికీ చుక్కలకూ సంబంధం లేదు.

ఎవరు గెలుస్తారో రాయనవసరం లేదు.

బాలనాగమ్మ.


అమ్రాబాద్,
16-10-2024.

నాయనమ్మా,

ఒక్క ప్రశ్న. పోయిన చూపు తిరిగి రాదనీ, ఆపరేషన్ ఉన్నదాన్ని కాపాడటానికనీ తాతకు ఎవరు చెప్పారు? నాన్న చెప్పలేదు. నేను చెప్పలేదు. నువ్వు చెప్పావా? "ఏమొచ్చింది" అని ఆయన అడిగాడంటే, ఆపరేషన్ పాడైందని ఇప్పటికీ అనుకుంటున్నాడు. నీకు చెప్పలేదని బల్ల గుద్దావు. కన్ను ఎవరిది?

శ్రుతి.


గద్వాల,
11-11-2024.

శ్రుతికి,

నీ చిన్న ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

సెప్టెంబరులో నువ్వు రాసిన ఉత్తరం తీసి మగ్గం గదికి వెళ్లాను. ఆయన ఆగిపోయిన పడుగు మీద దుమ్ము దులుపుతున్నాడు. ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చదివి వినిపించాను. నన్ను తిట్టిన భాగం కూడా వదల్లేదు. అక్కడ ఆయన నవ్వాడు. "పిల్ల మంచిగ రాస్తది" అన్నాడు. తర్వాత కుడి కంటి సంగతి వచ్చింది. నవ్వు ఆగింది. మళ్లీ చదవమన్నాడు. చదివాను.

దులిపే చెయ్యి ఆపి అన్నాడు: "ఇంటిల్లిపాదికి ఎరుక. నాకు తప్ప. సంతకు గొడ్డును తోల్కపోయినట్టు తోల్కపోయిండ్రు, తోల్కొచ్చిండ్రు. మనిషిని గాదా నేను?"

ఆయన గొంతు పెంచలేదు. నేను లేచి మిగతా పడుగు దులిపాను. నువ్వు చూడవలసింది, అది ఎప్పుడో గాని జరగదు.

మర్నాడు ఇద్దరమే బస్సులో వెళ్లాం. మీ నాన్నకు చెప్పలేదు. డాక్టరమ్మ నా మొహం చూసి మొదలుపెట్టబోయింది. "నాతోని మాట్లాడమ్మా, కన్ను నాది" అన్నాడు మీ తాత. కోయకపోతే ఏమవుతుందని అడిగాడు. కోస్తే చెడే అవకాశం ఉందా అని అడిగాడు. ఆమె దాచలేదు. చేసిన దారి మూసుకుపోవచ్చు, ఒత్తిడి మరీ పడిపోవచ్చు, చీము పట్టవచ్చు, అన్నీ అరుదే కానీ లేవని చెప్పలేనంది. చేయకపోతే మాత్రం ఈ కన్ను కూడా కుడిదాని దారే పడుతుందంది. ఇంకొకటి అడిగాడు: "నేసుకోవచ్చునా?" తలను కనబడని వైపుకు తిప్పి చూడటం అలవాటు చేసుకుంటే నేసుకోవచ్చంది.

కాగితం నేను చదివాను, ఆయన విన్నాడు. సంతకం ఆయనే పెట్టాడు, వంకర టింకరగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని. ఈ నెలాఖరుకు ఆపరేషన్.

నాడె పట్టనన్న మాట నేనే వెనక్కి తీసుకున్నాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పావంటే చూడు.

మీ నాయనమ్మ.


గద్వాల,
19-1-2025.

శ్రుతికి,

ఎడమ కన్ను బాగుంది. నీటి దారి తెరిచే ఉందనీ, ఒత్తిడి దిగిందనీ నిన్న చూపించినప్పుడు చెప్పారు. ఈసారి డాక్టరమ్మ ఆయనకే చెప్పింది. ఆయన బయటికి వచ్చి నాకు చెప్పాడు, కొంచెం గొప్పగా. మీ నాన్న వచ్చి రెండు రోజులు ఉన్నాడు. నేను తిట్టలేదు. తిట్టలేదని భయపడి, ఒంట్లో బాగుందా అని రెండుసార్లు అడిగాడు.

పోయిన వారం మగ్గంలోకి దిగాం. పని నెమ్మదైంది. కొట్టే ముందు ప్రతిసారీ మీ తాత మెడ పూర్తిగా కుడికి తిప్పుతున్నాడు. పెన పడిందా అని చూస్తాడు. నా వేళ్లు పోగుల్లోంచి బయటికి వచ్చాయా అని చూస్తాడు. అక్కడితో ఆగాలి. ఆగడు. కళ్లు పైకెత్తి నా మొహం చూస్తాడు. ఆ తర్వాత కొడతాడు.

ఇన్నేళ్లలో పని మధ్య ఆయన నా వైపు తిరిగింది లేదు. అవసరం పడలేదు. పక్క చూపుకు నేను ఉన్నానని తెలిస్తే సరిపోయేది. ఇప్పుడు పలక కొట్టే పోటు పోటుకూ చూస్తున్నాడు. నాకు చిరాకు. పడుగు ముందుకు సాగదు. షావుకారు మళ్లీ వాకిట్లోకి వస్తాడు.

ఇవాళ పొద్దున మరీ ఎక్కువసేపు చూశాడు. "అంచు కింద ఉన్నది, నా మొహంల లేదు. ఏం చూస్తవ్?" అని కసిరాను.

"ఉన్నవా, లేవా అని" అన్నాడు.

నాడె విసిరాను. చెయ్యి తీసుకున్నాను. "ఉన్న. కొట్టు" అన్నాను.

నాయనమ్మ.